భట్టిప్రోలు: తెలుగులో నాలుగు, ఇంగ్లీషులో పదకొండు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు వేమూరు దాటాక భట్టిప్రోలులో ఆగుతుంది. స్టేషన్లో పసుపుపచ్చ బోర్డు మీద నల్లరంగుతో ఊరి పేరు మూడు లిపుల్లో రాసి ఉంటుంది. తెలుగులో భ, ట్టి, ప్రో, లు. నాలుగే అక్షరాలు. ఇంగ్లీషులో లెక్కపెడితే బి, హెచ్, ఏ, టి, టి, ఐ, పి, ఆర్, ఓ, ఎల్, యు. పదకొండు. లైను చివరి ఊరు రేపల్లె తెలుగులో మూడక్షరాలు, ఇంగ్లీషులో ఏడు. మద్రాసు మెయిన్ లైను మీద నిడుబ్రోలు అవతల ఉన్న బాపట్లకూ అదే లెక్క, మూడూ ఏడూ. తెనాలికి మూడూ ఆరూ. ఊరు ఒకటే, నోటితో పలికే పలుకూ ఒకటే. దాన్ని ఎన్ని ముక్కలు చేసి రాయాలనే దగ్గరే రెండు లిపులూ వేరు దారులు పట్టాయి.

బోర్డు చదివి రైలెక్కే పెద్దలకు ఈ తేడా పట్టదు. ఒకటో తరగతిలో రెండు లిపులూ ఒకేసారి నేర్చుకునే పిల్లలకు మాత్రం రోజూ తగులుతూనే ఉంటుంది. తెలుగు వాచకం గడగడా చదివే పిల్లవాడు ఇంగ్లీషు పుస్తకం తీయగానే ఎందుకు తడబడతాడు? ఇంట్లోవాళ్లు దానికి తెలివితక్కువతనం అని పేరు పెడతారు, బడిలో శ్రద్ధలేదంటారు. చదువు మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు, భాషాశాస్త్రవేత్తలు నలభై యాభై ఏళ్లుగా వేరే సమాధానం చెబుతున్నారు. మొదట నేర్చుకున్న లిపి మాటను ఎలా విడగొట్టుకోవాలో మనసుకు అలవాటు చేస్తుంది. రెండో భాష చదవబోయినప్పుడు మనసు ముందుగా ఆ అలవాటునే బయటికి తీస్తుంది.

గుణింతం నేర్పే చూపు

తెలుగువాడి చదువు అక్షరంతో మొదలవుతుంది. 'క' అనే గుర్తులో క్ అనే హల్లూ ఉంది, అ అనే అచ్చూ ఉంది. కానీ పిల్లవాడికి అది ఒకే వస్తువు. దాన్ని చూసి నోరు ఒకే దెబ్బలో 'క' అంటుంది. తర్వాత గుణింతం వస్తుంది. తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, కొమ్మిస్తే కు అంటూ వీధిబడి రోజుల నుంచీ తెలుగు పిల్లలు పాడుతున్న పాట అది. హల్లులు ముప్ఫై ఆరనుకుని, ఒక్కోదానికి పదహారు గుణింత రూపాలు వేసుకుంటే మొత్తం 576. వాటి మీద వత్తులు. ఇంత సరంజామా ఉన్నా దాని వెనక సూత్రం నికరమైనది: రాసిందే పలకాలి, పలికిందే రాయాలి. అక్షరం పేరే దాని ధ్వని. 'మ' పేరు మ, 'లు' పేరు లు. గుణింతాలూ వత్తులూ వచ్చిన పిల్లవాడు తాను ఎన్నడూ వినని మందు పేరునైనా తెలుగులో రాసి చూపిస్తే చదివేస్తాడు.

తెలుగు అక్షరానికి ఇంకో లక్షణం ఉంది. అది గీత మీద వరసగా సాగదు, పైకీ కిందికీ పెరుగుతుంది. భట్టిప్రోలులోని 'ప్రో' చూడండి. ఓత్వం 'ప' తల మీద కూర్చుంది. రకారం వత్తుగా పక్కకు చేరింది. నోరు పలికేటప్పుడు మాత్రం ప్, ర్, ఆ తర్వాతే ఓ. కంటికి ముందు కనపడే అచ్చు నోటికి చివరగా వస్తుంది. 'స్త్రీ'లో దీర్ఘం సకారం మీద ఉంటుంది, పలకడం మాత్రం తకారం, రకారం రెండూ అయ్యాక. ఇన్ని మెలికలున్నా తెలుగు పాఠకుడు తికమకపడడు. అతని కన్ను ముక్కముక్కా చూడదు, మొత్తం కట్టును ఒకే బొమ్మగా పట్టుకుంటుంది. ఇలాంటి తారుమారే దేవనాగరిలోనూ ఉంది. హ్రస్వ ఇకారం గుర్తు హల్లుకు ముందు రాసి, హల్లు తర్వాత పలుకుతారు. జ్యోత్స్నా వైద్, అషుమ్ గుప్తా 2002లో ప్రచురించిన పరిశోధనలో హిందీ చదువరులకు అలాంటి మాటల దగ్గర ఎక్కువ సమయం పట్టినట్టు తేలింది.

కన్నడం, బెంగాలీ, ఒడియా, థాయ్, బర్మీస్, ఇవన్నీ ఈ కుటుంబపు లిపులే. అన్నిటికీ మూలం బ్రాహ్మి.

'కల'లో మొదటి ధ్వని తీసేస్తే

ఒకటో తరగతి చదివే పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న అడిగి చూడండి. 'కల' అనే మాటలో మొదటి చప్పుడు తీసేస్తే ఏం మిగులుతుంది? సాధారణంగా 'ల' అంటాడు. తెలుగు లెక్క ప్రకారం ఆ జవాబు తప్పు కాదు, మొదటి అక్షరం తీసేశాడు. ఇంగ్లీషు చదువు కోరే జవాబు వేరు. క్ తీసేస్తే మిగిలేది 'అల'. 'పాట'లో ప్ పోతే 'ఆట', 'నూరు'లో న్ పోతే 'ఊరు', 'గిల్లు'లో గ్ పోతే 'ఇల్లు'. అక్షరాన్ని చీల్చి హల్లును ఒక పక్కకూ అచ్చును ఒక పక్కకూ పెట్టగలిగితేనే ఈ ఆట ఆడగలం.

ఇది మనిషికి పుట్టుకతో వచ్చే శక్తి అనే అనుకునేవారు. 1979లో జోసే మొరాయిస్ బృందం పోర్చుగల్లో చదువురాని పెద్దవాళ్లను, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లను పోల్చి చూసింది. మాటలోంచి ఒక్క ధ్వనిని తీయడమో, ఒక్క ధ్వనిని కలపడమో చదువురానివాళ్లలో చాలామందికి చేతకాలేదు. చదువు నేర్చినవాళ్లు చేయగలిగారు. 1986లో చైనాలో జరిగిన మరో పరిశోధన దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. చైనా లిపి మాత్రమే చదవగలిగినవాళ్లు ఈ పరీక్షలో వెనకబడ్డారు. రోమన్ అక్షరాలతో రాసే పిన్‌యిన్ కూడా నేర్చినవాళ్లు బాగా చేశారు. అంటే అందరినీ చదువు అనే ఒకే గాటన కట్టడం కుదరదు. ఏ లిపిలో చదివారన్నది తేడా తెస్తోంది.

మరి అక్షరాల లిపి చదివేవాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు మన పొరుగునే ఉన్నారు. ప్రతిభా కారంత్, ప్రకాశ్ తదితరులు 1990ల నాటికే కన్నడ పిల్లల మీద పనిచేశారు. బెంగళూరులో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన కన్నడ పిల్లల గురించి రెండు సంగతులు చెప్పింది. అక్షరమాల మొత్తం పట్టుబడటానికి వాళ్లకు ప్రాథమిక పాఠశాలలో ఏళ్లే పడుతోంది. మాటను అక్షరాలుగా విడగొట్టడం త్వరగా వస్తుంది కానీ, అక్షరాన్ని ధ్వనులుగా విడగొట్టే నేర్పు నెమ్మదిగా, ఆలస్యంగా వస్తుంది. తెలుగు పిల్లల విషయానికొస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన దుగ్గిరాల వసంత వాళ్లు ధ్వనులను మనసులో ఎలా పట్టుకుంటారో పరీక్షించి 2004లో ఆ ఫలితాలు ప్రచురించారు.

ఈ ఆలస్యం తెలుగు చదవడానికి అడ్డు రాదు. తెలుగుకు అక్షరం చాలు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి రోజు నుంచే అక్షరాన్ని చీల్చాలి.

సీ ఏ టీ, క్యాట్

ప్రాథమిక పాఠశాల పక్కగా నడిచి వెళితే ఇంకా వినిపించే పాట ఇది: సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి. పిల్లవాడి వైపు నుంచి ఆలోచిస్తే ఇదెంత వింతగా ఉంటుందో తెలుస్తుంది. పక్క పీరియడ్‌లో ప, ల, క కలిపి 'పలక' అన్నాడు. మూడు పేర్లు వరసగా పలికితే మాట వచ్చేసింది. ఇక్కడ సీ, ఏ, టీ మూడూ కలిపితే 'సీఏటీ' రావాలి. క్యాట్ ఎక్కణ్నుంచి వచ్చింది? 'హెచ్' అనే పేరులో హకారం ఉన్నా దాని వెనక 'ఎచ్' ఎందుకుంది? 'డబ్ల్యూ' పేరులో వకారం జాడే లేదు కదా! అక్షరం పేరే అక్షరం పలుకు అని నమ్మిన పిల్లవాడికి ఇంగ్లీషులో ఆ నమ్మకం మొదటి మాటతోనే పోతుంది. దాంతో అతను తనకు తెలిసిన ఇంకో దారి పడతాడు. మాట మొత్తాన్నీ బొమ్మలా గుర్తుపెట్టుకుంటాడు, స్పెల్లింగు బట్టీపడతాడు. పాఠంలో ఉన్న మాటలన్నీ చదివేస్తాడు. పాఠంలో లేని మాట ఎదురైతే ఆగిపోతాడు.

తడబాటంతా తెలుగు లిపి వల్లేననుకుంటే పొరపాటు. ఇంగ్లీషు స్పెల్లింగు ఇంగ్లీషు పిల్లలనే ఏడిపిస్తుంది. ఫిలిప్ సీమోర్ బృందం ఇంగ్లీషుతో కలిపి పదమూడు ఐరోపా భాషల పిల్లలను పరీక్షించి 2003లో ఫలితాలు వెల్లడించింది. ఒకటో తరగతి ముగిసేసరికి పరిచయమున్న మాటలను ఫిన్లాండు పిల్లలు నూటికి 98 సరిగ్గా చదివారు. స్కాట్లాండులో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలు 34 మాత్రమే చదవగలిగారు. ఫిన్నిష్ లిపి కూడా మన తెలుగులాగే రాసింది పలికే లిపి. ఇంగ్లీషులో 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులు రాయాలి. ఒక్కో అక్షరానికి నాలుగైదు పలుకులు, ఒక్కో పలుకుకు నాలుగైదు స్పెల్లింగులు. ఇంగ్లీషు ఇంటిభాష అయిన పిల్లవాడికే మూడేళ్లు పట్టే పనిని, ఇంట్లో ఆ భాష వినని రేపల్లె పిల్లవాడు ఒక్క ఏడాదిలో చేయాలని మనం పట్టుబడుతున్నాం.

జంట అక్షరాలు, మూగ అక్షరాలు

తెలుగు లిపి వేసే ముద్ర పెద్దవాళ్ల ఇంగ్లీషులోనూ కనిపిస్తుంది. అన్నిటికంటే స్పష్టమైనది ద్విత్వం. తెలుగులో ఒక హల్లుకు అదే వత్తు ఉందంటే ఆ ధ్వనిని నొక్కి నిలిపి పలకాలి. 'కల' వేరు, 'కల్ల' వేరు. 'గద' వేరు, 'గద్ద' వేరు. తేడా వస్తే అర్థమే మారిపోతుంది. ఈ క్రమశిక్షణలో పెరిగిన కన్ను ఇంగ్లీషులో జంట అక్షరం చూడగానే నోటికి అదే ఆజ్ఞ ఇస్తుంది. సమ్మర్, డిన్నర్, బెట్టర్, ఫన్నీ, కిల్లర్. ఇంగ్లీషువాళ్లు ఈ మాటల్లో ఒక్క హల్లే పలుకుతారు. అక్కడ జంట అక్షరం పని వేరు: తన ముందున్న అచ్చు హ్రస్వమని చెప్పడం. ఒకే గుర్తు రెండు లిపుల్లో రెండు కబుర్లు చెబుతోంది. తెలుగు పాఠకుడికి మొదటి కబురే వినిపిస్తుంది.

మూగ అక్షరాల సంగతీ అంతే. తెలుగులో రాసి పలకని అక్షరం లేదు. అందుకే ప్లంబర్‌లో బకారం మన నోట గట్టిగా వినిపిస్తుంది, 'వెడ్‌నెస్‌డే'లో డకారం మిగిలిపోతుంది. 'వాక్‌డ్', 'ఆస్క్‌డ్' అనడం వెనకా ఉన్నది ఈ నిజాయితీయే. కనపడిన దాన్ని పలకకుండా వదిలేయడం తెలుగు చదువులో తప్పు.

ఇక త, ట గొడవ. తెనాలిలో ఉన్నది త, బాపట్లలో ఉన్నది ట. ఇంగ్లీషు బోర్డు మీద రెండింటికీ ఒకే 'టి'. ఈ లోటు పూడ్చడానికి తెలుగువాళ్లు సొంత ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. ట కోసం ఒట్టి 'టి', త కోసం 'టి, హెచ్'. లలిత, సీత, శరత్ అనే పేర్ల చివర అలాగే రాస్తారు. ఉత్తరాదివాళ్లు ఆ పేర్లు చూసి 'లలిథా' అని చదివి తికమకపడుతుంటారు. ఇటు తిరిగితే, ఇంగ్లీషులో ఎదురయ్యే 'టి, హెచ్' జంటను తెలుగు పాఠకుడు తన త, థల పక్కనే పెట్టుకుని 'థాంక్స్' అంటాడు. 'వి'కీ 'డబ్ల్యూ'కీ తెలుగులో ఉన్నది ఒక్క 'వ'. అందుకే ఆ రెంటితో మొదలయ్యే మాటలు చెవికి ఒకేలా వినిపించి, స్పెల్లింగులో తారుమారవుతుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలుగువాళ్ల ఇంగ్లీషులోని ప్రతి యాసనూ లిపి మీదికి నెట్టకూడదు. బస్సు, కారు, పెన్ను అంటూ చివర ఉకారం చేర్చడం లిపి వల్ల వచ్చింది కాదు. అచ్చుతో మాట ముగించే తెలుగు పలుకుబడి వల్ల వచ్చింది. బడి ముఖం చూడనివారు కూడా బస్సు అనే అంటారు. సమ్మర్‌లో మకారం నొక్కడం మాత్రం స్పెల్లింగు చూసినవారి నోట్లోనే ఎక్కువగా పుడుతుంది. ఒకటి చెవి నేర్పినది, రెండోది కన్ను నేర్పినది. ఉపాధ్యాయులకు ఈ తేడా తెలిస్తే ఏది ఎలా సరిదిద్దాలో కూడా తెలుస్తుంది.

చక్రపాణి బెంగాలీ

లిపి సాయం చేసిన కథ వినాలంటే తెనాలికే రావాలి. 'చందమామ' పత్రికను 1947లో నాగిరెడ్డితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి తెనాలివారు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. యువకుడిగా ఉన్నప్పుడు 1932 ప్రాంతంలో క్షయకు చికిత్స కోసం మదనపల్లె శానిటోరియంలో కొన్ని నెలలున్నారు. అక్కడే బెంగాలీ నేర్చుకున్నారు. ఆ తర్వాత శరత్ చంద్ర చటోపాధ్యాయ నవలలను ఒకదాని వెంట ఒకటిగా తెలుగులోకి తెచ్చారు. శరత్‌ను తెలుగు రచయితే అనుకునే స్థాయికి పాఠకులు చేరారంటే ఆ అనువాదాల చలవే.

చక్రపాణి పట్టుదల, ప్రతిభ ఒక ఎత్తు. అయితే లిపి కూడా ఆయనకు తోడు నిలిచింది. బెంగాలీలోనూ క, ఖ, గ, ఘ అదే వరస. అచ్చులు, హల్లులు, గుణింతం, సంయుక్తాక్షరం అదే ఏర్పాటు. తెలుగు చదివినవాడు అక్కడ కొత్తగా నేర్చుకోవలసింది బొమ్మలే, సూత్రం కాదు. జబ్బుతో మంచాన పడి ఉన్న మనిషి కొన్ని నెలల్లో ఆ భాష పుస్తకాల దాకా చేరగలగడంలో ఈ సౌలభ్యం వాటా తక్కువేమీ కాదు.

చుట్టరికం ఉన్నచోట చిక్కులూ ఉంటాయి. బెంగాలీలో దేవదాస్ పేరు రాస్తే చివరి సకారానికి ఏ గుర్తూ ఉండదు. తెలుగు లెక్కన అది 'దేవదాస'. బెంగాలీవాళ్లు ఆ చివరి అచ్చు పలకరు. ఆరో తరగతిలో హిందీ మొదలుపెట్టే మన పిల్లలందరికీ ఎదురయ్యే చిక్కూ ఇదే. 'రామ' అని రాసి ఉంటుంది, 'రామ్' అని చదవాలి. 'కమల' అని రాసి ఉంటుంది, 'కమల్' అనాలి. హల్లులో ఇమిడి ఉన్న అకారాన్ని తెలుగు ఎప్పుడూ వదలదు. హిందీ మాట చివరా, కొన్నిసార్లు మధ్యలోనూ వదిలేస్తుంది. పొల్లు గుర్తు లేకుండానే పొల్లుగా పలకడం తెలుగు పిల్లవాడికి అన్యాయంగా తోస్తుంది. అయినా వారాల్లో సర్దుకుంటాడు. సూత్రం ఒకటే, ఒక్క మినహాయింపు నేర్చుకోవాలి, అంతే. ఇంగ్లీషులో సూత్రమే వేరు.

ప్రపంచంలో ఇంకెవరికి

ఈ అనుభవం తెలుగువాళ్లది మాత్రమే కాదు. అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న కొరియన్, చైనీస్ విద్యార్థులను మిన్ వాంగ్, కీకో కోడా, చార్లెస్ పెర్ఫెట్టి పోల్చి 2003లో ప్రచురించారు. తెర మీద చూపిన మాట ఫలానా కోవకు చెందుతుందా లేదా అని అడిగారు. అసలు మాటకు బదులు అదే ఉచ్చారణ ఉన్న వేరే స్పెల్లింగు మాట పెడితే కొరియన్లు ఎక్కువగా మోసపోయారు. చూపుకు దగ్గరగా ఉన్న మాట పెడితే చైనీయులు ఎక్కువ తప్పులు చేశారు. కొరియన్ లిపి ధ్వనులను రాస్తుంది, కాబట్టి వాళ్లు ఇంగ్లీషునూ చెవితో చదివారు. చైనా లిపి మాటలను రాస్తుంది, కాబట్టి వీళ్లు కంటితో చదివారు.

అరబిక్ రాతలో హ్రస్వ అచ్చులను సాధారణంగా రాయరు. హల్లులు చూసి అచ్చులు పాఠకుడే పూరించుకుంటాడు. ఇంగ్లీషు మాటల్లోంచి ఒక అచ్చు ఎగరగొట్టి చూపిస్తే అరబ్ విద్యార్థులకు అది చాలాసార్లు కనపడనే లేదని రయాన్, మియారా 1991లో చూపించారు.

ఇదే ప్రయాణం తిరుగుదారిలోనూ జరుగుతోంది. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు తెలుగు నేర్పడానికి సిలికానాంధ్ర 2007లో మనబడి మొదలుపెట్టింది. ఆ పిల్లలకు మొదట వచ్చినది ఇంగ్లీషు లిపి. ఎడమ నుంచి కుడికి పూసల్లా సాగే రాతకు అలవాటుపడిన కళ్లకు తెలుగులో తల మీద గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము ఒక్కసారే ఎదురవుతాయి. 'టి' ఒక్కటే తెలిసిన చెవికి త, థ, ట, ఠ నాలుగూ వేరుచేసి వినడం కష్టం. ఇక్కడి పిల్లలు ఇంగ్లీషులో పడే పాట్లనే అక్కడి పిల్లలు తెలుగులో పడుతున్నారు.

భట్టిప్రోలు స్తూపంలోని రాత

హల్లునూ అచ్చునూ విడదీసి చూడాలా, కలిపి చూడాలా అనే ఈ ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు ధాతువులు దాచిన రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి మీద ప్రాకృత భాషలో శాసనాలున్నాయి. కుబీరకుడనే రాజు పేరు అందులో ఉంది. ఆ లిపిని చదివిన జర్మన్ పండితుడు గేయోర్గ్ బ్యూలర్ అది అశోకుడి బ్రాహ్మికి భిన్నంగా ఉందని గుర్తించి దానికి ద్రావిడి అని పేరు పెట్టారు. పండితులు దాని కాలాన్ని సాధారణంగా క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల మధ్య ఉంచుతారు.

భిన్నత్వం ఎక్కడుంది? అశోకుడి బ్రాహ్మిలో ఏ గుర్తూ లేని క బొమ్మను 'క' అనే చదవాలి. అకారం దానిలోనే ఇమిడి ఉంటుంది. పక్కన చిన్న గీత పెడితే 'కా'. భట్టిప్రోలు లేఖకులు ఆ చిన్న గీతను హ్రస్వ అకారానికి వాడారు. దీర్ఘానికి ఆ గీతనే ఇంకాస్త మార్చారు. అంటే ఇమిడి ఉన్న అచ్చును బయటికి తీసి దానికంటూ ఒక గుర్తు ఇచ్చారు. హల్లు ఒకటి, అచ్చు ఒకటి అనే విభజన రాతలో కంటికి కనపడేలా చేసిన పని అది. ఆ పద్ధతి నిలవలేదు. తర్వాతి శతాబ్దాల్లో మన లిపి తిరిగి అకారం ఇమిడిన దారిలోనే నడిచింది. కానీ రైలు బోర్డు మీద నాలుగు అక్షరాలుగా కనపడే ఈ ఊళ్లోనే, రెండు వేల ఏళ్ల కిందట, అక్షరంలో రెండు ధ్వనులున్నాయని తెలిసి రాసినవాళ్లుండేవారు.

సంధి పాఠం ఒకటో తరగతికి

ఇంగ్లీషు మాధ్యమం మీద రాష్ట్రంలో పెద్ద చర్చే జరిగింది. 2019 నవంబరులో ప్రభుత్వం పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఏ మాధ్యమం మంచిదనే వాదన ఎలా ఉన్నా, ఆ పుస్తకం తెరిచిన ఏడేళ్ల పిల్లవాడి ముందు ఒక పేజీ అక్షరాలతో, ఒక పేజీ ధ్వనులతో ఉంటుంది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఎలా దాటాలో ఆ పుస్తకం చెప్పదు. టీచరే చెప్పాలి.

దానికి కావలసిన సామగ్రి తెలుగులోనే ఉంది. హైస్కూల్లో సంధులు చెప్పేటప్పుడు ఏం చేస్తాం? 'రాముడు' పక్కన 'అతడు' పెట్టి, డు లోని ఉకారం తీసేసి, మిగిలిన డ్‌ను అకారంతో కలిపి 'రాముడతడు' చేస్తాం. పరిశోధకులు ప్రయోగశాలలో అడిగే పని, అక్షరాన్ని చీల్చి ఒక్క ధ్వనిని తీసేయడం, సరిగ్గా ఇదే. కందంలోనూ వృత్తాల్లోనూ ప్రాస చూసినప్పుడు రెండో అక్షరంలోని హల్లు మాత్రమే పట్టించుకుంటాం, అచ్చు ఏదైనా ఫరవాలేదంటాం. అక్కడా హల్లును అచ్చు నుంచి వేరుచేసే చూస్తున్నాం. పొల్లు రాయడం వచ్చిన ప్రతి తెలుగు పిల్లవాడి చేతిలో ఒంటరి హల్లును చూపించే గుర్తు సిద్ధంగా ఉంది. ఇబ్బందల్లా ఇవన్నీ ఆరో తరగతి తర్వాత, మార్కుల కోసం వస్తున్నాయి. ఇంగ్లీషు చదువు వాటిని ఒకటో తరగతిలోనే అడుగుతోంది.

ఆ పాఠాన్ని ముందుకు జరపడం కష్టం కాదు. గుణింతం పాడించేటప్పుడే క్ అ క, క్ ఇ కి, క్ ఉ కు అని ఒక్కసారి విడదీసి పాడించవచ్చు. 'కల, అల', 'పాట, ఆట', 'నూరు, ఊరు' ఆటను రోజూ ఐదు నిమిషాలు నోటితోనే ఆడించవచ్చు. అది పట్టుబడ్డాక ఇంగ్లీషు అక్షరాన్ని సీ అని పేరుతో కాకుండా క్ అని ధ్వనితో పరిచయం చేస్తే, క్, ఆ్య, ట్ కలిసి క్యాట్ ఎలా అయిందో పిల్లవాడు తానే పట్టుకుంటాడు. మూడో తరగతికి వచ్చేసరికి, తెలుగులో జంట అక్షరం హల్లును నొక్కమంటుందని, ఇంగ్లీషులో ముందున్న అచ్చును కుదించమంటుందని రెండు మాటలు పక్కపక్కన రాసి చూపించవచ్చు. హిందీ తరగతిలో మొదటి వారమే 'రామ', 'రామ్' తేడా చెప్పేయవచ్చు.

ఒక భాషలో గట్టిపడిన చదువు రెండో భాషకు పునాదిగా దిగుతుందని జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతున్నారు. తెలుగు రాకుండా ఇంగ్లీషు త్వరగా వస్తుందని పిల్లవాడి చేత తెలుగు మాన్పించే తల్లిదండ్రులు ఆ పునాదినే తవ్వేస్తున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం: తెలుగు పీరియడ్‌నూ ఇంగ్లీషు పీరియడ్‌నూ వేర్వేరు గదుల్లా చూడకండి. తడబడే పిల్లవాణ్ణి మందలించేముందు 'కల'లో మొదటి ధ్వని తీసేస్తే ఏం మిగులుతుందో అడగండి. 'ల' అని జవాబొస్తే, ఆ పిల్లవాడికి ఇంగ్లీషు కంటే ముందు నేర్పవలసింది ఏమిటో మీకు తెలిసిపోతుంది.